ఎటూ లాగని స్టీరింగ్

అక్టోబరు, శనివారం రాత్రి.

గ్యారేజీలో కారు కింద పరిచిన అట్ట మీద మరక ఈ ఉదయానికి అరచేయంత అయింది. రెండు రోజుల కిందట రూపాయి బిళ్లంతే ఉండేది. వేలితో అద్దుకుని వెలుతురులో చూశాను. లేత పసుపు, పలుచన. ఇంజన్ ఆయిల్ అయితే నల్లగా ఉండేది. ఇది స్టీరింగ్ ఆయిలే. కింద పడుకుని టార్చి వేసి చూస్తే స్టీరింగ్ ఆయిల్‌ను అటూ ఇటూ మళ్లించే కంట్రోల్ వాల్వ్ రబ్బరు బూటు అంచున ఒక చుక్క వేలాడుతోంది. చూస్తుండగానే రాలింది. దాని చోట ఇంకొకటి ఊరడం మొదలైంది.

ఈ వాల్వ్ కిందటేడు వేసవిలో బిగించినది. కారుతో పుట్టిన వాల్వ్ కూడా ఇలాగే కారుతుంటే, దాన్ని విప్పే ధైర్యం చాలక, బాగుచేసి అమ్ముతున్న వేరొకటి ఒక దుకాణం నుంచి తెప్పించాను. మూడు నెలలు కూడా పొడిగా లేదు. పైగా బిగించిన రోజున ఇంజన్ స్టార్ట్ చేయగానే స్టీరింగ్ చక్రం ఎవరో లాగినట్టు ఎడమకు గిర్రున తిరిగిపోయింది. చక్రం లోపల నా చేయి లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే మణికట్టు విరిగేది. సరిచూడకుండా పంపిన వాల్వ్ అది. ఆ రోజంతా కుస్తీ పట్టి ఎలాగో దారికి తెచ్చాను గానీ, దాని మీద నమ్మకం మాత్రం కలగలేదు. పాతది తిరిగి పంపితే కొంత సొమ్ము వెనక్కి ఇస్తామన్నారు. పంపబుద్ధి కాలేదు. గుడ్డలో చుట్టి అరలో పెట్టాను. ఈ రోజు దాని వంతు.

కారు 1969 నాటి షెవ్రొలే కార్వెట్ స్టింగ్‌రే. ఆ ఏడాది మోడల్ కార్లు 38,762 తయారయ్యాయి. అన్నీ అమెరికాలోని ఈ సెయింట్ లూయిస్‌లోనే, నాచురల్ బ్రిడ్జ్ రోడ్డు, యూనియన్ బులవార్డు కలిసే చోట అప్పట్లో ఉన్న ఫ్యాక్టరీలో. మా ఇంటి నుంచి ఇరవై నిమిషాల దారి. 1981లో కార్వెట్ తయారీ కెంటకీకి తరలిపోయింది. నేను ఈ ఊరికి వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. ఇక్కడ నాకన్నా ఈ కారుకే వేర్లు లోతు.

ఏడున్నరకు నాన్నకు ఫోన్ చేశాను. విజయవాడలో అప్పుడు సాయంత్రం ఆరు. నాన్న ముప్పై ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపారు. ఆదివారాలు ఆటోనగర్‌లో తెలిసినవాళ్ల షెడ్డు ముందు బండి ఆపుకుని తానే విప్పుకునేవారు, పానాలు అందించేది నేను. అంకెలు నేను పలక మీద కన్నా ముందు పానాల మీదే గుర్తుపట్టడం నేర్చుకున్నానని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ బండికి పవర్ స్టీరింగ్ లేదు. వన్‌టౌన్ సందుల్లో ఆగి ఉన్న బండిని మలపాలంటే రెండు చేతులూ, నడుమూ కలిపి లాగాలి. రాత్రి ఇంటికొచ్చాక అమ్మ ఆయన భుజాలకు వేడి నూనె రాయడం నాకు బాగా గుర్తు.

"ఏం విప్పుతున్నావమ్మా ఈ రోజు?" అన్నారు.

"స్టీరింగ్ వాల్వ్ నాన్నా. డ్రాప్ ఆర్మ్ చివర ఉంటుందని చెప్పానే, అదే."

డ్రాప్ ఆర్మ్ అంటే స్టీరింగ్ గేర్ బాక్సు నుంచి వచ్చి, చక్రం తిప్పినప్పుడు అటూ ఇటూ ఊగే ఇనుప చేయి. ఇక్కడి వాళ్లు దాన్ని పిట్‌మన్ ఆర్మ్ అంటారు. నాన్నతో మాట్లాడేటప్పుడు నా నోటికి డ్రాప్ ఆర్మ్ అనే వస్తుంది.

"రబ్బర్లు మాత్రం కొత్తవి వెయ్యి. ఇనుము పాతదైనా ఫర్వాలేదు. తీసేటప్పుడు చుట్లు లెక్కపెట్టుకో" అని ఫోను అమ్మకు ఇచ్చేశారు.

ఆ చుట్ల సంగతి ముఖ్యం. వాల్వ్ ఒక పొడవాటి కడ్డీ చివర మరలతో బిగిసి ఉంటుంది. క్లాంపు వదులు చేసి తిప్పితే ఊడి వస్తుంది. ఎన్ని చుట్లకు ఊడిందో, మళ్లీ అన్ని చుట్లే ఎక్కించాలి. తేడా వస్తే కారు తిన్నగా పోతున్నా స్టీరింగ్ చక్రం వంకరగా నిలుస్తుంది. మా అబ్బాయి కారు పక్కన గొంతుకూర్చుని, నేను తిప్పిన ప్రతి చుట్టుకూ అట్ట మీద ఒక గీత గీశాడు. వాడికి పద్నాలుగేళ్లు. నేను పానాలు పట్టుకున్న వయసు దాటి చాలా కాలమైంది గానీ, ఈ ఏడాదే వాడంతట వాడు గ్యారేజీలోకి రావడం మొదలుపెట్టాడు. రమ్మని నేనెప్పుడూ అనలేదు.

ఈ కారులో పవర్ స్టీరింగ్ గేర్ బాక్సులో ఇమిడి ఉండదు. మామూలు చేతి స్టీరింగ్‌కు బయటి నుంచి భుజం పట్టే ఏర్పాటు ఇది. ఇంజన్ బెల్టు పంపును తిప్పుతుంది. పంపు నుంచి వాల్వ్‌కు రెండు పైపులు, వాల్వ్ నుంచి సిలిండర్‌కు ఇంకో రెండు. చక్రం తిప్పితే డ్రాప్ ఆర్మ్ వాల్వ్‌లోని బాల్ స్టడ్‌ను, అంటే గుండ్రటి తల ఉన్న బోల్టును, పక్కకు నెడుతుంది. దానితో పాటే లోపలి స్పూల్, అంటే చుట్టూ గాడులున్న చిన్న ఇనుప కండె, వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ కాస్త చాలు. అంతవరకు రెండు పక్కలా సమంగా ఉన్న ఆయిల్ ఒత్తిడి ఒక పక్కకు మళ్లి, సిలిండర్ లోని పిస్టన్ ముందు చక్రాలను అటు తోస్తుంది. చేయి సడలించగానే స్ప్రింగు స్పూల్‌ను నడిమికి తెస్తుంది.

దీని మూలం ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు. పియర్స్-యారో కంపెనీ లారీల విభాగంలో పనిచేశాడు. బరువు లారీలను తిప్పడానికి ఎంత బలం కావాలో దగ్గరగా చూసినవాడు. ఆ ఉద్యోగం వదిలి, మసాచుసెట్స్‌లోని వాల్తమ్ ఊళ్లో సొంతంగా పనిచేసి, 1926లో ఒక పియర్స్-యారో కారుకు హైడ్రాలిక్ స్టీరింగ్ అమర్చి నడిపి చూపించాడు. అమ్మకపు కారులోకి అది వచ్చింది మాత్రం 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. కార్వెట్‌కు 1963లో వచ్చింది. నాన్న భుజాలకు రానేలేదు. ఈ తేదీలు నేను చాలాసార్లు లెక్కవేసుకున్నాను. వేసుకున్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

పాత వాల్వ్‌ను బల్ల మీద విప్పాను. లోపలి సీళ్లలో, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయాల్లో, ఒకటి వేలితో వంచగానే అప్పడంలా పుటుక్కున విరిగింది. రబ్బరు తన స్వభావమే మరిచిపోయింది. ఇన్నాళ్లూ కారిందంతా దాని పక్క నుంచే. స్పూల్‌ను బయటికి తీసేటప్పుడు మాత్రం నా ఊపిరి బిగబట్టుకుపోయింది, ఎందుకంటే దాని మీద గీత పడి ఉంటే ఈ ఇంటి గ్యారేజీలో నేను చేయగలిగింది లేదు. కిరోసిన్‌తో కడిగి, కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాను. చుట్టూ గాడుల అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. గోరుతో గీసి చూస్తే ఎక్కడా తట్టలేదు. ఆయిల్ రాసి, నిలబెట్టిన వాల్వ్ బోరులో వదిలితే తన బరువుకు తానే నెమ్మదిగా దిగింది. దేవుడి గదిలో గంట మోగినంత సంతోషం కలిగింది. యాభై ఏళ్లు దాటినా ఇనుము ఏమీ తప్పు చేయలేదు.

సీళ్లు ఎక్కించడానికి గంటన్నర పట్టింది. వీటికి ఒక పక్క పెదవి లాంటి అంచు ఉంటుంది. అది ఆయిల్ ఒత్తిడి వచ్చే వైపు చూడాలి. తిరగేసి పెడితే చూపుకు తేడా తెలియదు, రెండో రోజుకు కారుతుంది. ఆ దుకాణం వాళ్ల వాల్వ్‌లో జరిగింది ఇదేనని నా అనుమానం. ప్రతి సీలునూ అబ్బాయి చేత కూడా చూపించి, ఇద్దరం అవునన్నాకే నొక్కాను. తుడవడానికి నూలు గుడ్డ వాడనివ్వలేదు. ఒక్క పోగు లోపల ఉండిపోయినా స్పూల్ పట్టేస్తుంది.

మధ్యాహ్నం మా ఆయన పులిహోర కలిపి పళ్లెం గ్యారేజీకే తెచ్చి ఇచ్చారు. చేతులు మూడుసార్లు కడిగినా ఆయిల్ వాసన పోలేదు.

పాత కార్ల మిత్రులు కొందరు ఈ ఏర్పాటంతా తీసేసి ఇప్పటి కార్లలో ఉండే ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ సెట్టు పెట్టుకోమంటారు. కారడం ఉండదు, స్టీరింగ్ చురుకుగా ఉంటుంది. నిజమే, రోజూ నడిపే వాళ్లకు అది మంచి దారే. కానీ నేను ఈ కారు కొన్నది దాని అసలు తీరును తెలుసుకోవడానికి. ఒక భాగం ఎందుకు పాడైందో అర్థం కాకముందే మార్చేస్తే, నా దగ్గర కారు ఉంటుంది గానీ దాని గురించి నాకు తెలిసింది ఏమీ ఉండదు.

అసలు పని మధ్యాహ్నం తర్వాతే. వాల్వ్‌ను గీతలు లెక్కపెట్టి ఎక్కించి, నాలుగు పైపులూ బిగించి, ఆయిల్ పోశాను. ముందు చక్రాలు గాలిలో ఉండేలా కారు స్టాండ్ల మీద నిలిపి ఉంది. ఇంజన్ ఆపే ఉంచి, అబ్బాయి చేత స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పించాను. పంపు డబ్బాలో బుడగలు పైకి వస్తున్నాయి. మజ్జిగ నురగలా ఉన్నది క్రమంగా తేటపడింది.

ఇప్పుడు వాల్వ్ తూకం. సిలిండర్ పిస్టన్‌కు ఉండే కడ్డీని ఫ్రేముకు తగిలించకుండా వదిలేయాలి. వాల్వ్ చివర చిన్న రేకు మూత తీస్తే లోపల ఒక నట్టు కనిపిస్తుంది. స్పూల్ సరిగ్గా నడిమిన నిలవాలంటే ఆ నట్టు ఒకే ఒక్క చోట ఉండాలి. దాని మీద తెల్ల రంగు చుక్క పెట్టాను. గ్యారేజీ తలుపు బార్లా తీసి, అబ్బాయిని ఇంజన్ స్టార్ట్ చేయమన్నాను. కడ్డీ నెమ్మదిగా బయటికి రావడం మొదలైంది. అంటే స్పూల్ ఇంకా నడిమిన లేదు.

"అమ్మా, బయటికి వస్తోంది."

నట్టును గడియారానికి ఎదురు తిప్పాను, కొద్ది కొద్దిగా. కడ్డీ ఆగింది. ఇంకాస్త తిప్పితే లోపలికి పోసాగింది. రంగు చుక్క రెండు గంటల స్థానంలో ఉంది. ఇప్పుడు వెనక్కి తిప్పాలి, మళ్లీ బయటికి వచ్చే దాకా. చుక్క నాలుగు దగ్గరకు రాగానే కడ్డీ కదిలింది.

"రెండు, నాలుగు" అన్నాడు అబ్బాయి, ఇంజన్ మోతలో గట్టిగా. "అంటే మూడు."

మూడు దగ్గరకు తెచ్చి పానా తీసేశాను. నట్టును అటూ ఇటూ ఎక్కువసార్లు తిప్పొద్దని మాన్యువల్‌లో హెచ్చరిక ఉంది, అది తన బిగింపు పట్టు కోల్పోతుంది. కడ్డీ మీద సుద్దతో గీసిన గీతను చూస్తూ పడుకున్నాను. లోపలికి పోలేదు, బయటికి రాలేదు. పంపు తన మానాన తాను ఆయిల్ తోస్తూనే ఉంది. ఒత్తిడంతా ఆ ఇనుప డబ్బాలోనే ఉంది, రెండు వైపులా సమంగా. ఒక నిమిషం, రెండు నిమిషాలు. గీత కదలలేదు.

ఇంజన్ ఆపి, కడ్డీని ఫ్రేముకు తగిలించి, మళ్లీ స్టార్ట్ చేయమన్నాను, చక్రం మీద చేయి వేయొద్దని చెప్పి. వాడు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కిందటేడు గిర్రున తిరిగిన స్టీరింగ్ ఈ రోజు నిటారుగా నిలబడింది. తలుపులోంచి వంగి చూస్తున్న నాకు కళ్లు చెమర్చాయి. వాడు చూశాడు, ఏమీ అనలేదు.

సాయంత్రం ఇద్దరం కారు తీసుకుని నాచురల్ బ్రిడ్జ్ రోడ్డు దాకా వెళ్లాం. దారిలో మేపుల్ చెట్లు ఎర్రబడ్డాయి. ఒకప్పుడు ఫ్యాక్టరీ ఉన్న మూల దాటాక పక్కకు తీసి ఆపాను. ఇక్కడే మొదటిసారి ఈ కారు చక్రాలు నేలకు ఆనాయని చెబితే, వాడు కిటికీలోంచి రోడ్డు వంక చాలాసేపు చూశాడు. తిరుగు దారికి మలుపు తీసుకునేటప్పుడు బండి కదలకుండా ఉండగానే స్టీరింగ్ చక్రం తిప్పాను, నాన్న ఎప్పుడూ వద్దనే పని. రెండు వేళ్లతో తిరిగింది.

ఇంటికి వచ్చి కారు కింద కొత్త అట్ట పరిచాం. అబ్బాయి దాని మూలన ఈ రోజు తేదీ వేశాడు. రాత్రి భోజనాలయ్యాక ఒకసారి టార్చి వేసి చూసి వచ్చాను. ఇప్పటికైతే పొడిగానే ఉంది.

ఏడు దాటాక ఫోను మోగింది. నాన్న అప్పుడే నిద్ర లేచారు.

"చుట్లు సరిపోయాయా?"

"సరిపోయాయి నాన్నా."