తాళంచెవుల చప్పుడు: చిన్నపిల్లలతో 'ఇ.టి.' చూడవచ్చా?

ఒక సినిమా చిన్నతనంలో మనకు నచ్చిందన్న జ్ఞాపకం, దాన్ని మన పిల్లలకు చూపించవచ్చా లేదా అన్న ప్రశ్నకు ఏమాత్రం నమ్మదగిన సాక్ష్యం కాదని నాకు ఈమధ్యే తెలిసివచ్చింది. స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన 1982 నాటి 'ఇ.టి.'ని నేను పదకొండేళ్ళ వయసులో చూశాను. భూమ్మీద ఒంటరిగా చిక్కుకుపోయిన ఇ.టి. అనే పరగ్రహ ప్రాణికీ, దాన్ని తన ఇంట్లో దాచిపెట్టే ఇలియట్ అనే పిల్లవాడికీ కుదిరిన స్నేహం ఆ కథ. చందమామకు అడ్డంగా ఎగిరిన సైకిలు, వెలిగే వేలు, చివర్లో ఆగని ఏడుపు తప్ప అందులో మరేమీ నాకు గుర్తులేదు. ఏడేళ్ళ మా అబ్బాయికీ, నాలుగున్నరేళ్ళ మా అమ్మాయికీ దాన్ని చూపిద్దామని అనుకున్నప్పుడు, పిల్లలు పడుకున్నాక ఒకరాత్రి ఒంటరిగా చూసి, అభ్యంతరం అనిపించినవన్నీ కాగితం మీద రాసిపెట్టుకున్నాను. ఆ జాబితా ఎంత శ్రద్ధగా రాశానో అంత దూరంగా గురి తప్పింది.

కాగితం పట్టుకుని కూర్చుంటే పెద్దవాళ్ళం ఏం రాస్తామో నేనూ అవే రాశాను. భోజనాల బల్ల దగ్గర ఇలియట్ తన అన్నను తిట్టే ఒక బూతుమాట. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఇ.టి. ఫ్రిజ్‌లోని బీరు తాగితే, ఇద్దరి అనుభూతులూ ముడిపడి ఉండటంవల్ల ఆ మత్తు బడిలో కూర్చున్న ఇలియట్ తలకెక్కే సన్నివేశం. చివర్లో సైకిళ్ళను వెంటాడే మనుషుల చేతుల్లోని తుపాకులు. ఈ తుపాకుల విషయంలో దర్శకుడికీ నాకున్న శంకే కలిగినట్టుంది: 2002లో ఇరవయ్యేళ్ళ సందర్భానికి మళ్ళీ విడుదల చేసినప్పుడు, కంప్యూటర్ సాయంతో ఆ తుపాకులను చెరిపించి వాటి స్థానంలో వాకీటాకీలు పెట్టించాడు. అలా చేసి ఉండకూడదని తర్వాత తానే ఒప్పుకుని, పాత రూపాన్నే తిరిగి బయటికి తెచ్చాడు. మా పిల్లలతో చూసినప్పుడు తేలిందేమిటంటే, అబ్బాయి చూపంతా సైకిళ్ళ మీదే ఉంది. తుపాకులు ఉన్నాయని నేను అడిగేదాకా వాడికి తెలియదు. బూతుమాట ఇంగ్లీషులో వచ్చి ఇంగ్లీషులోనే పోయింది. బీరు సన్నివేశానికి ఇద్దరూ పడీపడీ నవ్వారు.

సర్టిఫికెట్ చూసి నిర్ణయించుకోవచ్చు కదా అనేవారు ఉంటారు. పాత సినిమాల విషయంలో ఆ ముద్ర అంత పనికొచ్చేది కాదు. అమెరికాలో దీనికి పెద్దల మార్గదర్శకత్వం అవసరమని చెప్పే పీజీ రేటింగు ఇచ్చారు. అయితే అక్కడ పీజీకీ, పెద్దలు వెంట ఉంటే తప్ప పదిహేడేళ్ళలోపు వాళ్ళను రానివ్వని ఆర్ రేటింగుకూ నడుమ 1984 దాకా మరో మెట్టే లేదు. అందుచేత మనుషుల ముఖాలు మైనంలా కరిగిపోయే దృశ్యమున్న 1981 నాటి 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్'కూ అదే పీజీ, ఈ సినిమాకూ అదే పీజీ. పీజీ-13 అనే కొత్త మెట్టు 1984లో వచ్చింది. దానికి కారణమైన గొడవ రేగింది కూడా స్పీల్‌బర్గ్ ఒకటి దర్శకుడిగా, మరొకటి కార్యనిర్వాహక నిర్మాతగా ఆ ఏడాది తెచ్చిన రెండు సినిమాల మీదే.

దీనికి పూర్తి విరుద్ధంగా, స్వీడన్ సెన్సారువారు 'ఇ.టి.'ని పదకొండేళ్ళలోపు పిల్లలు చూడకూడదన్నారు. పెద్దవాళ్ళను పిల్లలకు శత్రువుల్లా చూపించారన్నది వారి అభ్యంతరం. అప్పట్లో ఆ నిర్ణయాన్ని లోకం ఎగతాళి చేసింది, అక్కడి పిల్లలైతే నిరసనకు దిగారు. పదకొండేళ్ళన్నది నాకూ అతిగానే తోస్తుంది. కానీ వాళ్ళు వేలు పెట్టిన చోటు మాత్రం సరైనదని రెండోసారి చూశాక నమ్ముతున్నాను. ఈ సినిమాలో తల్లిని మినహాయిస్తే, కథ చాలా దూరం నడిచేదాకా పెద్దవాళ్ళ ముఖాలు మనకు దాదాపుగా కనబడవు. కెమెరా పిల్లల కంటి ఎత్తునే ఉంటుంది కాబట్టి కనిపించేవి నడుములు, చేతులు, బూట్లు, టార్చిలైట్లు. బడిలో కప్పలను కోయించే మాస్టారుకు సైతం ముఖం లేదు. సినిమాగా ఇది ఎంత గొప్ప ఆలోచనో, నాలుగున్నరేళ్ళ పిల్లకు అంత బరువైనది.

మొదటి కొన్ని నిమిషాల్లోనే నాకు ఆ సంగతి అర్థమై ఉండాల్సింది. చీకటి అడవిలో ఇ.టి. జాతివాళ్ళు మొక్కలు ఏరుకుంటుంటే ట్రక్కులు వచ్చి ఆగుతాయి, మనుషులు దిగుతారు, వారిలో ఒకడి నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తి అడుగడుగునా గలగలమంటుంది. మాటలు లేవు, ముఖం లేదు, ఆ చప్పుడొక్కటే ఇ.టి.ని తరుముతుంది. ఒంటరిగా చూసినప్పుడు దర్శకుడి పనితనాన్ని మెచ్చుకుని ఊరుకున్నాను తప్ప కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. పిల్లలతో చూసినప్పుడు మాత్రం, ఆ గలగల మొదలవగానే మా అమ్మాయి సోఫా మీద కాళ్ళు పైకి లాక్కుని, పాదాలు గౌను కింద దాచుకుంది.

విచిత్రమేమిటంటే, నేను బెంగపడిన ఇ.టి. రూపానికి మా అమ్మాయి జంకలేదు. పిల్లల భయాల మీద దశాబ్దాలపాటు పనిచేసిన అమెరికన్ పరిశోధకురాలు జోన్ కాంటర్, సహపరిశోధకుడు స్పార్క్స్‌తో కలిసి 1986లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. మంచివాడైన ఒక మనిషి హల్క్ అనే భీకరాకారుడిగా మారే టీవీ కథను పిల్లలకు చూపిస్తే, బడికి వెళ్ళే వయసు రాని పిల్లలు ఆ మార్పు తర్వాతే ఎక్కువ భయపడ్డారు. హల్క్ సాయం చేసేవాడే అయినా వాళ్ళకు అది ఊరట కాలేదు. ఆ వయసులో కంటికి కనిపించిందే నిజం, లోపలి మంచితనం తర్వాతి సంగతి. దాన్ని బట్టి ఉబ్బిన కళ్ళతో, ముడతల చర్మంతో తోటలో మొక్కజొన్నల మధ్య ఇ.టి. హఠాత్తుగా ఎదురుపడే చోట అమ్మాయి కేక వేస్తుందని సిద్ధంగా ఉన్నాను. ఇలియట్ అరిచాడు, ఇ.టి. కూడా అరిచింది. అమ్మాయి నావైపు తిరిగి, "దానికీ భయమేసింది" అంది, ఏదో చుట్టరికం దొరికినట్టు.

పరిశోధన చెప్పిన మాట అసలు వర్తించేది కథ రెండో సగంలో. అప్పటికి పిల్లలు ప్రేమించేసిన ఆ గోధుమరంగు ప్రాణి, వాగు పక్కన సున్నం కొట్టినట్టు తెల్లబడి, కదలకుండా పడి ఉంటుంది. ఇష్టమైన రూపం మారిపోవడమంటే ఇదే. ఆ వెంటనే రోదసి దుస్తులు వేసుకున్న మనుషులు తలుపుల్లోంచి, కిటికీల్లోంచి ఇంట్లోకి జొరబడతారు. తల్లి కేకలు పెడుతుంది కానీ ఏమీ చేయలేదు. ఇల్లంతా ప్లాస్టిక్ కప్పి ఆసుపత్రిగా మార్చేస్తారు. ఇల్లు, అమ్మ అనే రెండు దుర్గాలూ ఒకేసారి కూలడం కంటే చిన్నపిల్లకు వేరే భయం ఏం కావాలి? ఇ.టి. గుండె ఆగిపోవడం, చిన్న చెల్లెలు గెర్టీ వెక్కివెక్కి ఏడవడం దాని తర్వాతివే. పిల్ల నటుల భావోద్వేగం సహజంగా రావాలని స్పీల్‌బర్గ్ సినిమాను చాలావరకు కథ నడిచే వరుసలోనే చిత్రించాడు కనుక, ఆ ఏడుపు నటనలా ఉండదు, అది మరీ కష్టం. నేను అమ్మాయికి ఆ భాగమేదీ చూపించలేదు. చందమామ మీదుగా సైకిలు ఎగరగానే ఆపేసి, "మిగతాది నువ్వు పెద్దయ్యాక" అన్నాను. అబ్బాయితో మర్నాడు పూర్తి చేశాను.

వాడికి చచ్చిపోయిన ఇ.టి. పెద్ద సమస్య కాలేదు. ఇ.టి. మళ్ళీ బతుకుతోందనడానికి గుర్తుగా, వాడిపోయిన కుండీలోని పూలు తిరిగి తలెత్తడం నాకంటే ముందే చూసి లేచి నిలబడ్డాడు. వాణ్ణి వదలనిది వేరే ప్రశ్న: "వాళ్ళ నాన్న ఎందుకు రాలేదు?" ఇలియట్ తండ్రి ఇల్లు వదిలి మెక్సికోలో వేరొకరితో ఉన్నాడన్న మాట భోజనాల దగ్గర ఒక్కసారి వస్తుంది, తల్లి కళ్ళు చెమ్మగిల్లుతాయి, కథ సాగిపోతుంది. తల్లిదండ్రులు విడిపోయిన ఇంట్లో పెరిగే పిల్లవాడికి సినిమాలో ఇదే అన్నిటికంటే పెద్ద సన్నివేశం కావచ్చు. ఏ సర్టిఫికెట్టూ ఆ సంగతి చెప్పదు.

కాబట్టి నా మటుకు నేను, పక్కన పెద్దవాళ్ళు కూర్చునే పక్షంలో ఏడేళ్ళ నుంచి ఈ సినిమాను నిశ్చింతగా చూపించవచ్చనీ, ఐదేళ్ళలోపు పిల్లలకు మాత్రం చందమామ దగ్గర ఆపేయడమే కాక మొదటి అడవి సన్నివేశాన్నీ దాటించాలనీ అంటాను. ఉపశీర్షికలు చదవలేని పిల్లలకు మనమే చెవిలో కథ చెబుతాం కాబట్టి, దాటించినది వాళ్ళు కనిపెట్టలేరు.

మొదటి సన్నివేశం గురించి ఇంత గట్టిగా అనడానికి కారణముంది. వారం తర్వాత ఒక సాయంత్రం నేను బయటినుంచి వచ్చి తాళం తీస్తుంటే, లోపల అమ్మాయి పరుగెత్తి మంచం వెనక దాక్కుంది. ఆ తాళంచెవుల మనిషి చెడ్డవాడు కాదనీ, చివర్లో ముఖం చూపించి, పదేళ్ళ వయసు నుంచీ ఇలాంటి స్నేహితుడి కోసమే ఎదురుచూస్తున్నానని ఇలియట్‌తో చెబుతాడనీ ఎంత వివరించినా దానికి ఎక్కలేదు. అది కేవలం సినిమా అని చెప్పడం ఆ వయసు పిల్లలకు పెద్దగా పనిచేయదని, చేతికి అందే ఊరటే పనిచేస్తుందని కాంటర్ కూడా అంటుంది. చివరికి గుత్తిని దాని చేతిలోనే పెట్టాను. కాసేపు దూరంగా పట్టుకుని చూసింది, ఒకసారి ఆడించింది, ఆపైన ఇల్లంతా గలగలలాడిస్తూ తిరిగింది. ఇప్పుడు బయటినుంచి ఎవరం వచ్చినా తాళంచెవి అందించాల్సింది దానికే.