పురుడుకొచ్చిన అక్క, హాస్టల్ నుంచి వెళ్ళే చెల్లి

ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే మా బ్రాడీపేటలో హాస్టళ్ళు నడిపేవాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. ఒక పక్క పరీక్షలు, ఇంకో పక్క ముదిరే ఎండలు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకమ్మాయి మెడ మీద పొక్కు చూపించి "ఆంటీ, ఇది చెమటకాయేనా?" అంటుంది. వీపు చూస్తే తెలిసిపోతుంది. ఒకచోట ఎర్రటి దద్దురు, పక్కనే నీళ్ళు నిండిన పొక్కు, ఇంకాస్త కిందకి అప్పటికే చెక్కు కడుతున్నది. మూడు రకాలూ ఒకే ఒంటి మీద ఉంటే అది ఆటలమ్మే (చికెన్‌పాక్స్).

అయితే మనం చూసేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. దద్దురు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుంది. అంతకుముందు రానివాళ్ళూ, టీకా పడనివాళ్ళూ ఒకే ఇంట్లో ఉంటే పదిమందిలో తొమ్మిదిమంది దాకా తెచ్చుకుంటారు. అదీ వెంటనే కాదు, 10 నుంచి 21 రోజుల్లో. అందుకే ఒక విడత సద్దుమణిగిందని ఊపిరి పీల్చుకునేలోపు పై అంతస్తులో ఇంకో విడత మొదలవుతుంది.

మామూలుగా అందరూ చేసేది, పిల్లని ఇంటికి పంపేయడం. నేను మాత్రం ముందు వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి ఒక్కటే అడుగుతాను: "అన్నయ్యగారూ, ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు గానీ పసిబిడ్డలు గానీ ఉన్నారా?" "పెద్దమ్మాయి పురుడుకొచ్చిందమ్మా" అన్నారంటే ఆ పిల్లని బస్టాండ్ ఛాయలకి కూడా వెళ్ళనివ్వను. మేడ మీద గది ఖాళీ చేయించి, చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చిపోయిన మా వంటావిడ చేత అన్నం పంపిస్తాను.

అంత పట్టుదల ఎందుకంటే, కాన్పుకి అయిదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత వరకూ, ఆ మధ్యలో తల్లికి దద్దురు వస్తే బిడ్డకి వైరస్ అందుతుంది గానీ దాన్ని తట్టుకునే రక్షణ అందదు. తల్లి ఒంట్లో అది తయారయ్యే వ్యవధే ఉండదు. పుట్టిన బిడ్డ ప్రాణం మీదకొచ్చే జబ్బు అది. మన ఇళ్ళలో తొలి కాన్పు పుట్టింట్లోనే. సెలవులకి చెల్లెళ్ళు చేరేదీ ఆ ఇంటికే.

టీకా అంటే వేయించుకున్నవాళ్ళకే మేలు అనుకుంటాం. అమెరికాలో 1995లో ఈ టీకా మొదలైంది. అంతకుముందు అక్కడ ఏటా సుమారు 40 లక్షల మందికి ఆటలమ్మ వచ్చేది, 100 నుంచి 150 మంది దాకా చనిపోయేవారు. టీకా వచ్చాక పిల్లల్లో తగ్గడం సరే, ఏడాది నిండని పసివాళ్ళలో కూడా దాదాపు 90 శాతం తగ్గింది. ఆ వయసువాళ్ళకి ఈ టీకా వేయరు. వేసింది వాళ్ళ అన్నలకీ అక్కలకీ. ఇంట్లోకి తెచ్చేవాళ్ళు లేకపోతే ఉయ్యాల్లో బిడ్డకి రాదు. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే.

ఆటలమ్మ వచ్చిపోయినా ఆ వైరస్ ఒంట్లోనే దాగి ఉండి, ఎన్నో ఏళ్ళకి మళ్ళీ లేచి పొక్కులు తెస్తే దాన్ని సర్పి అంటారు. చుట్టూ పిల్లల్లో ఆటలమ్మ తిరుగుతుంటే పెద్దవాళ్ళలో దాన్ని అణిచిపెట్టే రక్షణ నిలుస్తుందనీ, అది తగ్గితే సర్పి పెరుగుతుందేమోననీ బ్రిటన్ చాలా ఏళ్ళు వెనకాడింది. చివరికి అక్కడా 2026 జనవరి నుంచి పిల్లలందరికీ ఉచితంగా వేస్తున్నారు. టీకా వేసుకున్న పిల్లలకి సర్పి వచ్చే అవకాశం కూడా బాగా తక్కువని తేలింది.

మన దగ్గర ఇది ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు. ప్రైవేటులో డోసుకి రెండు వేలు అటూ ఇటూ, రెండు డోసులు. కూలికి వెళ్ళే తల్లి ఎక్కడ తెస్తుంది? పైగా సగంసగంగా వేయడంలో ఇంకో చిక్కుంది. కొందరికే వేస్తే చిన్నతనంలో జబ్బు తిరగడం తగ్గుతుంది, టీకా పడనివాళ్ళు దాన్ని ఇరవై ఏళ్ళకో పాతికేళ్ళకో తెచ్చుకుంటారు. ఆ వయసులో న్యుమోనియా భయం ఎక్కువ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, మొదలుపెడితే కనీసం 80 శాతం మంది పిల్లలకి అందేలా చూడమంటుంది. తట్టు టీకా అంగన్‌వాడీలోనే వేస్తున్నారు కదా, దీన్నీ అక్కడికే తేవాలి. డబ్బున్నవాళ్ళ వరకే వదిలేయడం నాకు అన్యాయంగానే కనిపిస్తోంది.

గుమ్మానికి వేపమండలు కట్టడాన్ని నేను కాదనను. చుట్టాల్ని రానివ్వకుండా, రోగిని విడిగా పడుకోబెట్టిన మన పెద్దలు మంచి పనే చేశారు. "అమ్మవారు పోస్తే మందు వాడకూడదు" అన్నప్పుడు మాత్రం నేను ఊరుకోను. ఈడొచ్చిన పిల్లలకి దద్దురు కనిపించిన 24 గంటల్లోపు డాక్టరు రాసే మందు మొదలైతే జబ్బు తీవ్రత తగ్గుతుంది. పక్క మంచాల పిల్లలకి మూడు రోజుల్లోపు టీకా వేయిస్తే చాలావరకు రాకుండా ఆపొచ్చు.

జూన్‌లో మా దగ్గర చేరే అమ్మాయిలకి ఒక మాట. ఆటలమ్మ వచ్చిందో లేదో మీ అమ్మనడిగి తెలుసుకోండి. రాకపోతే, టీకా పడకపోతే నెల ఎడంతో రెండు డోసులు వేయించుకోండి. పెళ్ళి కుదిరినవాళ్ళు అసలు వాయిదా వేయొద్దు. కడుపుతో ఉన్నప్పుడు ఈ టీకా వేయరు, వేయించుకున్నాక కూడా కడుపు రాకుండా కనీసం నెల ఆగాలి. తేదీలు డాక్టరునడిగి ముందే చూసుకోండి.