కావలి నుంచి కావలి దాకా

కావలి నుంచి విశాఖపట్నం రైల్లో సుమారు 550 కిలోమీటర్లు, ఒక రాత్రి. ఆ రాత్రి కన్నా నేవీ గేటు దగ్గర కావలివాళ్ల బల్ల దాటడమే పొడుగు ప్రయాణం. మే నెలలో మొదలైన ఆరు వారాల ఇంటర్న్‌షిప్‌కి అక్కడికి వెళ్లొచ్చాను. ఏ యూనిట్టో రాయను, రాయకూడదు. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వెళ్లే మెకానికల్, ఎలక్ట్రికల్ పిల్లలకు పనికొచ్చేవి మాత్రం చెబుతాను.

ఎక్కువమంది చిక్కుకునేది పేరు దగ్గర. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమై చివరికి పోతుంది, కాలేజీ లెటర్లో గుమాస్తా తనకు తోచినట్టు కొడతాడు. గేటు దగ్గర చూసేవాడికి ఆ మూడూ ముగ్గురు మనుషులు. అందుకని ప్రిన్సిపాల్ లెటర్, బోనఫైడ్, పోలీసు వెరిఫికేషన్, మూడింటిలోనూ ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయించుకోవాలి. కానిస్టేబుల్ ఇంటికొచ్చి అడిగి వెళ్లినా కాగితం చేతికి రావడానికి వారాలు పట్టొచ్చు. ఫిబ్రవరిలోనే మొదలుపెట్టడం మేలు. హాస్టల్లో ఉండేవాళ్లు వెరిఫికేషన్ సొంతూరి స్టేషన్ నుంచి కావాలో, కాలేజీ ఉన్న ఊరి నుంచి కావాలో ముందే అడిగి తెలుసుకోవాలి. లెటర్లో మొదటి తేదీ, చివరి తేదీ రెండూ ఉండాలి, పాస్ ఆ తేదీలను బట్టే ఇస్తారు. ఒరిజినల్ ఆధార్, నాలుగు జిరాక్సులు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటోలు ఎనిమిది ఒకే ఫైల్లో పెట్టుకుంటే చాలు.

టికెట్ తీసేటప్పుడు ఒకటి చూసుకోండి. హౌరా వైపు పోయే రైలు విశాఖ స్టేషన్లోకి వెళ్తే ఇంజను అటు నుంచి ఇటు మార్చాలి. ఆ బాధ పడలేక కొన్ని బళ్లు ఊళ్లోకి రాకుండా శివార్లలోని దువ్వాడ మీదుగా పక్కనుంచే పోతాయి. గది తీసుకునే ముందు రిపోర్టు చేయాల్సిన గేటు పేరు కనుక్కోవాలి. నేవీ స్థలాలు ఊరంతా పరుచుకుని ఉన్నాయి. సింధియా వైపు గేటుకు వెళ్లాల్సినవాళ్లు గోపాలపట్నంలో గది తీసుకుంటే రోజూ బస్సులోనే సగం ప్రాణం పోతుంది.

ఇక ఫోన్. నౌకాస్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను 2019 డిసెంబరులో నేవీ నిషేధించింది, గూఢచర్యం కేసు బయటపడ్డాక. ఫోన్ గేటు దగ్గరే ఆగిపోతుందన్నది అందరికీ తెలుసు. దానితోపాటు ఏమేం ఆగిపోతాయో మొదటి రోజు దాకా ఎవరికీ తట్టదు. లోపల మన పని చూసే గైడ్ నంబరు అందులోనే, అనుమతి మెయిల్ అందులోనే, టైము అందులోనే. క్యాంటీన్లో భోజనానికి ఇవ్వాల్సిన డబ్బూ అందులోనే! గైడ్ పేరు, హోదా, విభాగం, ఇంటర్‌కమ్ నంబరు కాగితం మీద రాసుకోండి. మామూలు ముళ్ల వాచీ పెట్టుకోండి, స్మార్ట్‌వాచీ పనికిరాదు. పది, ఇరవై నోట్లు ఉంచుకోండి. పెన్‌డ్రైవ్, ఇయర్‌బడ్స్ బ్యాగు మూలల్లో మర్చిపోవడం మామూలే, రాత్రే బ్యాగు దులపాలి. అమ్మ పెట్టిన మలైకాజా డబ్బా అయినా సరే, మూత తీసి చూపించాల్సిందే.

ఎనిమిదింటికి రమ్మంటే ఏడు నలభైకి గేటు దగ్గరుండాలి, ఎంట్రీ పుస్తకం దగ్గర వరుస ఉంటుంది. నేవీలో జెండా ఎగరేసేది ఎనిమిదింటికి. ఆ సమయానికి ఆరుబయట ఉంటే ఎక్కడివాళ్లక్కడ ఆగి జెండా వైపు తిరిగి నిలబడాలి. హోదాల దగ్గర ఇంకో తికమక ఉంది. ఆర్మీ కెప్టెన్, నేవీ కెప్టెన్ ఒకటి కాదు. నేవీ కెప్టెన్ ఆర్మీలో కల్నల్‌తో సమానం, ఆర్మీ కెప్టెన్‌కు సాటి నేవీలో లెఫ్టినెంట్. భుజం మీద రెండు పట్టీలుంటే లెఫ్టినెంట్, మూడుంటే కమాండర్, నాలుగుంటే కెప్టెన్. రెండు పట్టీల మధ్య సన్నది ఇంకొకటి కనిపిస్తే లెఫ్టినెంట్ కమాండర్. గుర్తు రాకపోతే ‘సార్’ అంటే సరిపోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

చేరే ముందురోజు ఆదివారం అయితే బీచ్‌లో ఉన్న కుర్సురా జలాంతర్గామి చూసి రావాలి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియమైంది. హాచ్ (దిగే మూత తలుపు), బల్క్‌హెడ్ (లోపలి అడ్డుగోడ), బ్యాలస్ట్ ట్యాంక్ (మునగడానికి నీళ్లు నింపే తొట్టి) లాంటి మాటలు అక్కడ కంటితో చూసి నేర్చుకుంటే, మర్నాడు వర్క్‌షాపులో వింటున్నప్పుడు బిక్కముఖం వేయక్కర్లేదు.

కాలేజీవాళ్లకు రిపోర్టులో ఫోటోలు కావాలి, లోపల ఫోటో తీయకూడదు, డ్రాయింగు బయటికి తేకూడదు. పంపు గురించి రాయాలంటే పాఠ్యపుస్తకంలోని సూత్రంతో సొంతంగా బొమ్మ గీసుకోవాలి. గైడ్ చూసి, సెక్యూరిటీ చూసి వదిలేదాకా ఆ కాగితాలు గేటు దాటవు. ఆరు వారాల్లో నాలుగో వారానికే డ్రాఫ్టు ఇచ్చేయాలి. ఆఖరి శుక్రవారం ఇస్తే, రిపోర్టు లోపలా మనం కావలి రైల్లోనూ ఉంటాం.