కోరంగి మడ అడవికి బయల్దేరే ముందు తిథి చూసుకోండి

కోరంగి మడ అడవి చూసొచ్చిన వాళ్లను అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. కొందరు బురద మీద గెంతే చేపల గురించి, ఒంటి డెక్క ఊపే పీతల గురించి గంటసేపు చెబుతారు. మరికొందరు చెక్క వంతెన మీద ఫొటోలు దిగి వచ్చామంటారు, అంతకు మించి చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. ఈ రెండో రకం వాళ్లలో ఎక్కువమంది నిండు పోటు వేళ వెళ్లినవాళ్లే. నీళ్లు పైకొచ్చాక పీతలు బొరియల్లో దూరిపోతాయి, బురద చేపలు వేళ్ల పైకి ఎక్కి కదలకుండా ఉండిపోతాయి, చూడాల్సిన నేలంతా మునిగిపోతుంది. కాబట్టి సెలవు ఏ రోజు దొరుకుతుందో తేలగానే ఆ రోజు ఆటుపోట్ల వేళలు చూసుకోవాలి. టికెట్టు, టిఫిను, బండి సంగతి ఆ తర్వాత.

దారి తేలికే. కాకినాడ జగన్నాథపురం దాటి చొల్లంగి మీదుగా యానాం వెళ్లే రోడ్డులో 20 కిలోమీటర్లలోపే అటవీశాఖ వారి ఎకో టూరిజం కేంద్రం వస్తుంది. కాకినాడ, యానాం మధ్య తిరిగే బస్సులు ఈ రోడ్డు మీదే వెళ్తాయి. ఎక్కేటప్పుడే కండక్టరుకు మడ అడవుల దగ్గర దిగుతామని చెప్పాలి. రైల్లో వచ్చేవాళ్లకు కాకినాడ టౌన్ గానీ, మెయిన్ లైను మీదున్న సామర్లకోట జంక్షన్ గానీ అనువు. కేంద్రం సాధారణంగా ఉదయం తొమ్మిది ప్రాంతంలో తెరిచి సాయంత్రం ఐదు ప్రాంతంలో మూస్తారు. ప్రవేశం, పడవ, కెమెరా రేట్లు మారుతుంటాయి గనక కౌంటరు దగ్గర బోర్డు చూసుకోండి. చిల్లర దగ్గరుంచుకుంటే మంచిది.

ఈ అడవి ఇక్కడే ఎందుకు పెరిగిందో తెలిస్తే చూసేది బాగా అర్థమవుతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలాక తూర్పుకు వచ్చే పాయ గౌతమి. అందులోంచి కోరంగి ఏరు, గాడేరు లాంటి చిన్న పాయలు విడిపోయి కాకినాడ అఖాతంలోకి వెళ్తాయి. అఖాతానికి సముద్రం వైపు హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక తిన్నె అడ్డంగా ఉంది. అదీ గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడినదే. పెద్ద అలలు ఆ తిన్నె దగ్గరే విరిగిపోతాయి, లోపలి నీరు నెమ్మదిస్తుంది, నది తెచ్చిన ఒండ్రు కిందికి దిగి బురదగా పేరుకుంటుంది. ఆ బురదలో మడ మొలుస్తుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. సందర్శకులకు తెరిచి ఉంచేది అందులో ఒక మూల మాత్రమే. ఆ మూలను నిదానంగా చూడటానికే ఒక పూట పడుతుంది.

ఇప్పుడు పోటు లెక్క. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈ రోజు ఫలానా వేళకు వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. శుక్రవారం వేళ తెలిస్తే ఆదివారానికి గంటా నలభై నిమిషాలు కలుపుకుంటే సరిపోతుంది. పోటు చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది గనక ఒకే తిథికి దాదాపు ఒకే వేళకు వస్తుంది. కాకినాడ తీరంలో అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఉదయం తొమ్మిది అటూ ఇటూగా ఉంటుంది, ఆటు మధ్యాహ్నం మూడు ప్రాంతంలో పడుతుంది. అష్టమికి ఇది తిరగబడుతుంది: పొద్దున్న ఆటు, మధ్యాహ్నం పోటు. ఇంట్లో గోడకున్న క్యాలెండరు చాలు, ఉజ్జాయింపు తెలిసిపోతుంది. కచ్చితమైన వేళ కావాలంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) వారి ఆటుపోట్ల సమాచారం చూడండి. లేదా కాకినాడ ఏటిమొగ దగ్గర చేపల వేటకెళ్లే వాళ్లను అడగండి, వాళ్లు నోటితోనే చెప్పేస్తారు.

ఇందులో ఒక మెలిక ఉంది. పట్టికలో ఉండేది సముద్రం ఒడ్డు వేళ. అదే నీరు పాయల్లోంచి మెలికలు తిరుగుతూ లోపలికి రావడానికి సమయం పడుతుంది. కాబట్టి చెక్క వంతెన దగ్గర ఆటైనా పోటైనా పట్టికలో ఉన్న వేళకన్నా కొంత వెనకబడుతుంది. ఇంకొకటి, నీటి తేడా అన్ని రోజులూ ఒకేలా ఉండదు. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు ఆటుకూ పోటుకూ మధ్య తేడా మీటరు దాటుతుంది. అష్టమి నవముల్లో అందులో సగానికి పడిపోతుంది. బురద బాగా బయటపడాలంటే మొదటి రకం రోజులే ఎంచుకోవాలి. అలాగే బంగాళాఖాతం నీటి మట్టం ఏడాదిలో అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగానూ, ఫిబ్రవరి, మార్చిల్లో తక్కువగానూ ఉంటుంది. ఒకే తిథికి వెళ్లినా ఫిబ్రవరిలో కనిపించినంత బురద అక్టోబరులో కనిపించకపోవడానికి కారణం ఇదే. చలి, పక్షులు, బురద మూడూ కలిసొచ్చే నెలలు జనవరి, ఫిబ్రవరి.

దీన్నిబట్టి పూట వేసుకోవాలి. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో అయితే గేటు తెరవగానే పడవ, మధ్యాహ్నం రెండు నుంచి వంతెన. అష్టమి దరిదాపుల్లో అయితే గేటు తెరవగానే వంతెన, పన్నెండు తర్వాత పడవ. ఈ వరస తప్పితే వంతెన మీద నీళ్లు తప్ప ఏమీ కనిపించవు, పడవేమో నీరు చాలక, ఏరు అఖాతంలో కలిసే మొగ దాకా వెళ్లదు.

చెక్క వంతెన మీద చాలామంది చేసే పొరపాటు నడుస్తూనే ఉండటం. పీతలకు అడుగుల అదురు, కదిలే నీడ రెండూ తెలుస్తాయి. మనిషి వస్తుండగానే చుట్టూ పది అడుగుల మేర బురద ఖాళీ అయిపోతుంది. ఒకచోట రెయిలింగ్‌కు ఆనుకుని, చేతులు ఊపకుండా, మాటలు ఆపి ఐదు నిమిషాలు నిలబడండి. ముందు చిన్న పీతలు, తర్వాత పెద్దవి ఒక్కొక్కటే పైకొస్తాయి. ఒక డెక్క ఒళ్లంత పెద్దగా ఉంటే అది మగది. ఆ డెక్క తిండికి పనికిరాదు, ఆడవాటిని పిలవడానికీ, పక్కవాడితో తగువుకీ మాత్రమే. తినేది రెండో చిన్న డెక్కతో. ఆడదానికి రెండూ చిన్నవే గనక అది రెండు చేతులతోనూ తింటుంది. బురదలోని నాచును జల్లించుకుని మిగిలిన మట్టిని చిన్న ఉండలుగా వదిలేస్తుంది. బొరియ చుట్టూ కనిపించే గుళికలు అవే.

బురద చేపలు ఇంకా చురుకైనవి. కళ్లు తలపైన ఉంటాయి, ముందు రెక్కల మీద దేకుతూ గెంతుతాయి. ఒళ్లు తడిగా ఉన్నంతసేపూ చర్మంతో గాలి పీల్చుకోగలవు. అందుకే పూర్తిగా ఎండిన మెరక మీద కాకుండా నీటి అంచున, తడి మెరిసే చోట వెతకాలి. వీపు మీది రెక్క పైకి లేపి ఒకటి నిలబడిందంటే ఆ పక్కనే ఇంకొకటి ఉన్నట్టే.

చెట్ల దగ్గరికొస్తే, అన్నీ ఒకేలా కనిపించినా వేళ్లు చూసి పోల్చుకోవచ్చు. చుట్టూ బురదలోంచి జానెడు పొడవు మేకుల్లా నిలువుగా పొడుచుకొచ్చినవి మడ చెట్టు శ్వాస వేర్లు. కింది బురదలో గాలి ఉండదు. తవ్వితే నల్లగా, కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, అది గంధకం వల్ల. అందుకే ఈ చెట్టు వేళ్లను పైకి పంపి గాలి పీల్చుకుంటుంది. ఒండ్రు ఆ వేళ్లను పూర్తిగా కప్పేసినా, నీరు రోజుల తరబడి వాటిపై నిలిచిపోయినా చెట్టు చచ్చిపోతుంది. కాండం నుంచి వంపుగా దిగి బురదలో నాటుకున్న ఊత వేళ్లు కనిపిస్తే అది ఉప్పు పొన్న. దాని కాయ చెట్టు మీదే మొలకెత్తుతుంది. జానెడు నుంచి మూరెడు దాకా పెరిగిన పచ్చటి మొలక వేలాడుతూ ఉంటుంది. ఆటు వేళ రాలితే అక్కడే నాటుకుంటుంది, పోటు వేళ రాలితే తేలుతూ పోయి ఇంకెక్కడో వేరూనుతుంది. వాటిని తుంచి ఇంటికి తీసుకెళ్లకండి. మంచినీటి కుండీలో పెడితే అది అడవి కాదు, ఈ బురదలోనే వదిలేస్తే చెట్టు అవుతుంది.

తెల్ల మడ ఆకు తాను పీల్చుకున్న ఉప్పును బయటికి వదిలేస్తుంది. ఎండ వేళ ఆకు మీద తెల్లటి పలుకులు కనిపిస్తాయి, వేలికి అంటించుకుని నాలుకపై పెడితే ఉప్పగా ఉంటుంది. పిల్లలకు ఇది చూపించాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అదే అడవిలో తిల్ల చెట్టు కూడా ఉంది. తిల్ల ఆకు తుంచినా, కొమ్మ విరిచినా తెల్లటి పాలు కారతాయి. అవి చర్మానికి తగిలితే మంట, బొబ్బలు. కంట్లో పడితే కొంతసేపు చూపే పోతుంది. తేడా ఎలా తెలుస్తుందంటే, మడ ఆకులు కొమ్మకు రెండు వైపులా ఎదురెదురుగా జంటగా ఉంటాయి, అడుగు వైపు బూడిద తెలుపు. తిల్ల ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, రాలే ముందు ఎర్రబడతాయి, చెట్టు కింద మేకుల్లాంటి వేళ్లు ఉండవు. జంట ఆకులని ఖాయంగా తేలితేనే వేలు పెట్టాలి. పొరపాటున పాలు కంట్లో పడితే రుద్దకూడదు. సీసాలోని మంచినీళ్లు ధారగా పోస్తూ కనీసం పావుగంట కడిగి, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తాగడానికి తెచ్చుకున్న నీళ్లలో ఒక సీసా చివరిదాకా మిగిల్చి ఉంచమని చెప్పేది ఇందుకే.

బావురు పిల్లి ఈ అడవికి గొప్ప పేరు తెచ్చింది. చేపల కోసం నీళ్లలో దిగే పిల్లి ఇది. కానీ ఎక్కువగా రాత్రి పూట తిరుగుతుంది, పగటి సందర్శకులకు కనిపించడం అరుదు. దాని జాడ మాత్రం ఆటు వేళ బురద అంచున దొరకొచ్చు. పిల్లి అడుగు గుండ్రంగా, నాలుగు వేళ్లతో ఉంటుంది. బావురు పిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు గనక ఒక్కోసారి గోటి గుర్తు కూడా పడుతుంది. నక్క అడుగు కొంచెం కోలగా, గోటి గుర్తులు స్పష్టంగా ఉంటాయి. నీటికుక్కకు ఐదు వేళ్లు, మధ్యలో పొర అచ్చు. గట్టు మీద చేప పొలుసులతో నిండిన రెట్ట కుప్పలుగా కనిపిస్తే అక్కడ నీటికుక్కల గుంపు తిరుగుతోందని అర్థం.

పడవ విషయంలో రెండే మాటలు. లైఫ్ జాకెట్ కట్టు బిగించుకోకుండా ఎక్కొద్దు, పిల్లల సైజుది ముందే అడిగి తీసుకోండి. నీరు పెరుగుతున్న వేళ వెళ్తే పడవ తేలిగ్గా సాగుతుంది, తిరిగి రావడానికీ లోతు ఉంటుంది. దిగిపోతున్న నీటిలో బయల్దేరితే మెరక తగిలి ఆగిపోయే అవకాశం ఉంది. ఒడ్డు వెంట లకుముకి పిట్టలు, నీటిపైన గరుడ పక్షులు ఎలాగూ కనిపిస్తాయి. కెమెరా తాడు మెడలో వేసుకోండి.

ఏం వేసుకోవాలంటే, పొడుగు చేతుల నూలు చొక్కా, ఫుల్ ప్యాంటు, అడుగున గాట్లు ఉన్న రబ్బరు బూట్లు. వాన పడిన మర్నాడు, పొగమంచు ఉన్న పొద్దున్న చెక్కల మీద పాకుడు జారుతుంది. హీల్స్ పలకల సందుల్లో ఇరుక్కుంటాయి. అడవి లోపల గాలి ఆడదు, ఒళ్లంతా చెమట పడుతుంది. మనిషికి కనీసం లీటరు నీళ్లు, మార్చి దాటాక రెండు లీటర్లు, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉండాలి. సాయంత్రం నాలుగు దాటితే దోమలు లేస్తాయి, చీలమండలకూ మెడకూ ముందే మందు రాసుకోండి. తినుబండారాలు గేటు బయటే ముగించడం మేలు: గాలికి ఎగిరిన చిప్స్ కవరు బురదలో శ్వాస వేళ్ల మధ్య ఇరుక్కుంటే దాన్ని తీయడానికి ఎవరూ దిగలేరు. వరదల కాలం, జులై నుంచి సెప్టెంబరు దాకా, ఎర్రనీరు వచ్చి పాయలన్నీ నిండుగా ఉంటాయి, చూడటానికి తక్కువే ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వాతావరణ శాఖ వాయుగుండం హెచ్చరిక ఉంటే ఆ వారం ప్రయాణం మానుకోండి. 1839లో కోరంగి రేవును ఊడ్చేసిన తుపాను వచ్చింది నవంబరులోనే.

పుష్య అమావాస్య రోజు మాత్రం ఈ దారి పట్టకండి. అది చొల్లంగి అమావాస్య, సప్తసాగర యాత్ర మొదలుపెట్టే స్నానాలకు జనం తండోపతండాలుగా వస్తారు, రోడ్డు నిండిపోతుంది. ఆ మర్నాడో, మూడో నాడో వెళ్తే దారి ఖాళీ, ఆటు కూడా బాగా లోతుగా దిగుతుంది.

పక్షుల కోసమే వచ్చేవాళ్లకు కోరంగి కన్నా కాకినాడలో కుంభాభిషేకం అనే చోటి దగ్గరి బురద నేలలు మేలు. చలికాలంలో ఉల్లంకి పిట్టలు, ఇండియన్ స్కిమ్మర్లు అక్కడికి చేరతాయి. ఇక్కడ లెక్క తలకిందులు. పూర్తి ఆటు వేళ వెళ్తే పక్షులు మైలు దూరంలో చుక్కల్లా ఉంటాయి. పోటు మొదలై రెండు గంటలయ్యాక నీరే వాటిని ఒడ్డు వైపు నెట్టుకొస్తుంది. సముద్రం తూర్పున ఉంది గనక పొద్దున్న సూర్యుడు కళ్లలో పడతాడు, మధ్యాహ్నం తర్వాత అయితే వెలుగు వీపు వెనక నుంచి వస్తుంది. మధ్యాహ్నం మూడు, ఐదుల మధ్య నీరు పెరిగే రోజు కావాలంటే అష్టమి దాటిన మూడు నాలుగు రోజుల తర్వాతి తిథులు చూడండి, 8×42 బైనాక్యులర్ సరిపోతుంది.