గింజ లేని నిమ్మ, గింజ ఉన్న బత్తాయి

పొద్దున వాన తెరిపిచ్చింది. మృగశిర వానలప్పుడు గింజల్లేని నిమ్మచెట్టుకు కట్టిన గాలి అంటును, అంటే చెట్టు మీద ఉండగానే వేర్లు రప్పించిన కొమ్మను, ఇవాళ కోశాను. కవర్ లోపల వేర్లు మొన్నటిదాకా సేమ్యాలా తెల్లగా ఉన్నాయి. ఇప్పుడు లేత గోధుమ రంగుకు తిరిగి కొబ్బరి పొట్టు ఉండనంతా అల్లుకున్నాయి. తెల్లగా ఉన్నప్పుడే తొందరపడితే కవర్ విప్పేటప్పుడు పుటుక్కున విరిగిపోతాయి. ఉండకు కిందుగా కొమ్మ కోసి, సగం ఆకులు తుంచి, ఎర్రమట్టి, మాగిన పెంట ఎరువు, ఇసుక కలిపిన కుండీలో పెట్టాను. ఊతంగా ఒక పుల్ల కూడా కట్టాను. గాలి అంటుకు తల్లివేరు ఉండదు, గాలికి ఊగితే కొత్త వేర్లు తెగుతాయి.

ఈ మొక్క పక్కింటి వదినకు. కుండీ తీసుకోవడానికి వచ్చిన వాళ్ల పాప, "అత్తా, గింజ లేకుంటే ఈ చెట్టు ఎట్ల పుట్టింది?" అని అడిగింది. అంత మంచి ప్రశ్నకు నోటిమాటతో జవాబు చెప్పబుద్ధి కాలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఇంకో కొమ్మకు అంటు కట్టాను. పెన్సిల్ లావు కొమ్మ, అంగుళం మేర చుట్టూ బెరడు తీసేసి, కట్టెను ముట్టుకుని చూడమన్నాను. "జారుతుంది" అంది. ఆ జిగురు పొరనే బ్లేడుతో గీకేయాలి, కొంచెం మిగిలినా బెరడు మళ్లీ కలిసిపోయి వేరు రాదు. నీళ్లు లోపలి కట్టె గుండా పైకి పోతూనే ఉంటాయి కాబట్టి కొమ్మ వాడదు. ఆకులు తయారుచేసిన తిండి బెరడు గుండా కిందికి దిగుతూ, దారి తెగిన చోట ఆగిపోతుంది. పై గాటు దగ్గర వేర్లు పుట్టేది అందుకే. అక్కడ వేరు హార్మోన్ పొడి రాసి, తడిపి గట్టిగా పిండిన కొబ్బరి పొట్టు పెట్టి, పాలిథిన్ కవర్ చుట్టి, రెండు వైపులా సుతిలితో బిగించాను. నెలన్నర, రెండు నెలలు పడుతుంది.

మామూలు నిమ్మకు క్రోమోజోములు 18, ఈ తాహితి నిమ్మకు 27. అంటే తొమ్మిదేసి చొప్పున మూడు సెట్లు. మూడు సెట్లను ఇద్దరికి సమంగా పంచలేం కదా, అందుకే గింజ కట్టదని చెప్పాను. పాపకు ఎంత అర్థమైందో గానీ సుతిలి ముడి మాత్రం తనే వేసింది. ఎవరో ఒకరు పూనుకుని కొమ్మ కట్టకపోతే ఈ నిమ్మ ఆ ఒక్క చెట్టుతోనే ఆగిపోతుంది. ఈ పనంటే నాకు ఇంత ఇష్టం ఉండేది అందుకే.

మధ్యాహ్నం నకిరేకల్ దగ్గరి ఊరి నుంచి కాక ఫోన్ చేశాడు. నాయనమ్మ పెట్టిన బత్తాయి చెట్టు ముసలిదైంది, దానికీ గాలి అంటు కట్టమన్నాడు. ఫోటో పంపమన్నాను. చూస్తే మనసు చివుక్కుమంది. ఆకు మీద ఈనెకు ఒక పక్క పసుపు మచ్చలు, రెండో పక్క ఇంకో తీరు. జింకు లోపమైతే రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటుంది. ఇది గ్రీనింగ్ తెగులులాగే ఉంది. అలాంటి చెట్టు కొమ్మ కడితే తెగులునూ కట్టినట్టే.

"వద్దు కాకా" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మ చేతి చెట్టు బిడ్డా" అన్నాడు చివరికి.

అప్పుడు గుర్తొచ్చింది, బత్తాయికి గింజ ఉంది కదా! ఒక్కో గింజలో రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో చాలావరకు పరాగంతో పని లేకుండా తల్లి కణాల నుంచే పుడతాయి కాబట్టి అచ్చం తల్లి చెట్టే. గ్రీనింగ్ గింజ ద్వారా పిల్లకు రాదు. కాపుకు మాత్రం ఆరేడేళ్లు ఆగాలి. కాక గొంతు మారింది.

"పప్పుల లెక్క ఎండబెట్టాల్నా?"

"ఎండితే మొలవవు కాకా. బాగా పండిన కాయలోని నిండు గింజలు తీసి, కడిగి, ఆ రోజే పెట్టాలి. ఆ చెట్టు దగ్గర మాత్రం వద్దు, సిల్లా పురుగు ఆ తెగులును మళ్లీ అంటిస్తది."

"అయితే నీ దగ్గర్నే పెట్టు. ఎల్లుండి బస్సుల కాయలు పంపిస్త."

సాయంత్రం మేడ మీద ట్రేలో మట్టి నింపాను. పురుగు దూరకుండా పైన కప్పడానికి పాత దోమతెర కత్తిరించి పెట్టాను.