ముందు భోజనం, తర్వాతే బాధ్యత

“నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము.” (1 రాజులు 19:7)

డిసెంబర్ వచ్చిందంటే మన శ్రీకాకుళం పల్లెల్లో యూత్ లీడర్ అనే కుర్రాడికి నిద్ర ఉండదు. చర్చి మీద స్టార్ కట్టేది అతనే. రాత్రి క్యారల్స్‌కి ఆటో మాట్లాడేది అతనే. నాటికలో గొర్రెల కాపరుల తలపాగాల కోసం ఇంటింటికీ తిరిగి తువ్వాళ్ళు పోగుచేసేదీ అతనే. ముప్పై ఒకటో తేదీ రాత్రి ఆరాధన అయ్యాక కుర్చీలు లెక్కపెట్టి టెంట్‌హౌస్ వాళ్ళకి అప్పజెప్పేసరికి తెల్లారిపోతుంది. సంక్రాంతి దాటాక వరసగా రెండు ఆదివారాలు కనబడడు. “ఆత్మీయంగా చల్లారిపోయాడు” అని పెద్దలు తేల్చేస్తారు. ఈ తీర్పు ఇచ్చే ముందు 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త కథ ఒకసారి చదివితే బాగుంటుంది.

కర్మెలు కొండ మీద ఏలీయా ప్రార్థిస్తే ఆకాశం నుంచి అగ్ని దిగింది. బయలు అనే దేవత ప్రవక్తలు 450 మంది ఓడిపోయారు. ఏళ్ళ తరబడి కరువు తర్వాత వాన కురిసింది. అంతకంటే పెద్ద రోజు ఏ సేవకుడికి దొరుకుతుంది? పేజీ తిప్పితే అదే ఏలీయా, యెజెబెలు రాణి పంపిన బెదిరింపు కబురుకి భయపడి బెయేర్షెబా దాకా పారిపోయాడు. వెంట ఉన్న దాసుణ్ణి అక్కడే వదిలేసి, ఒంటరిగా అరణ్యంలోకి పోయి, బదరీచెట్టు కింద కూర్చుని “ఇంక చాలు, నా ప్రాణం తీసుకో” అన్నాడు. దేవుడు అప్పుడు అతనికి ప్రసంగం చెయ్యలేదు. నీ విశ్వాసం ఏమైందని నిలదియ్యలేదు. దూతని పంపి రొట్టె, నీళ్ళు పెట్టించాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి తట్టి లేపి మళ్ళీ తినమన్నాడు. “ఇక్కడ నీవేం చేస్తున్నావు?” అన్న ప్రశ్న నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాకే వచ్చింది.

మన ట్రైనింగుల్లో ఈ భాగం ఉండదు. వేసవిలో వి.బి.ఎస్. (పిల్లల సెలవుల బైబిల్ స్కూల్) ట్రైనింగ్‌కి పంపిస్తాం. యాక్షన్ సాంగులు, కథలు, బొమ్మల చార్టులు నేర్చుకుని వస్తారు. మంచిదే. కానీ జనవరిలో ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళి, “తిన్నావేటిరా? పరీక్షలెప్పుడు?” అని అడిగే పెద్దమనిషి సంఘంలో ఉన్నాడా? మైక్‌సెట్ వాడికి ఇవ్వాల్సిన బాకీ ఎవరి నెత్తిన పడిందో ఎవరైనా అడిగారా? చాలా చోట్ల ఆ లెక్క ఒక నోట్‌బుక్ చివరి పేజీలో పెన్సిల్‌తో రాసుంటుంది. చందాలు చాలకపోతే మిగతాది వాడి జేబులోంచే పోతుంది. తల్లిదండ్రులకి చెప్పుకోలేడు, పాస్టర్ గారిని అడగలేడు. ఆ టెన్షన్‌తో ఆదివారం మానేసినవాడికి ఉపవాస ప్రార్థన చెయ్యమని సలహా ఇస్తే ఏం లాభం? ముందు ఆ బాకీ సంఘం తీర్చాలి.

హోరేబులో ఏలీయా ఫిర్యాదు ఒక్కటే: నేనొక్కణ్ణే మిగిలాను. దేవుడు దానికి రెండు జవాబులిచ్చాడు. బయలుకు మోకాలు వంచనివాళ్ళు ఇంకా 7,000 మంది ఉన్నారన్నాడు. వెళ్ళి తన తర్వాత ప్రవక్తగా ఎలీషాను అభిషేకించమన్నాడు. ఎలీషా అప్పుడు పొలంలో పన్నెండో అరక తోలుతున్నాడు. వచ్చిన వెంటనే అద్భుతాలేమీ చెయ్యలేదు, ఏలీయాకి ఉపచారం చేశాడు. చాలాకాలం తర్వాత కూడా రాజు దగ్గర అతన్ని పరిచయం చేసినవాడు “ఏలీయా చేతులమీద నీళ్లుపోయుచు” వచ్చినవాడనే చెప్పాడు (2 రాజులు 3:11). లీడర్ ట్రైనింగ్‌కి ఇంతకంటే మంచి సిలబస్ నాకు తెలీదు. లీడర్ రోగిని చూడ్డానికి వెళ్తే వెనక బండి మీద ఇంకొకడు కూర్చోవాలి. ఈ వారం వాక్యం చెప్పేవాడు వచ్చే వారం వినేవాళ్ళలో కూర్చోవాలి.

1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు క్రిస్టియన్ ఎండెవర్ అనే యువజన సంఘం మొదలుపెట్టినప్పుడు చేసిందీ దాదాపు ఇదే. యువకుల్ని బెంచీల మీద కూర్చోబెట్టి వినిపించకుండా, కమిటీలుగా చేసి తలా ఒక నిజమైన పని అప్పగించాడు. మనవాళ్ళు పదవులు పంచుతారు, పని మాత్రం ఒక్కడి మీదే వదిలేస్తారు.

నేర్పాల్సిన సంగతి ఇంకొకటుంది, దాని గురించి మాట్లాడ్డానికి మొహమాటపడతాం. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలతో ఎలా మసలుకోవాలో లీడర్‌కి మొదటిరోజే చెప్పాలి. ఏ పిల్లనైనా, పిల్లాడినైనా ఒంటరిగా గదిలో కూర్చోబెట్టుకుని కౌన్సెలింగ్ చెయ్యకూడదు. రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు. ఆడపిల్లల గుంపుకి ఒక అక్క తోడుండాలి. 2012 పోక్సో చట్టం చర్చి గుమ్మం దగ్గర ఆగిపోదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలని ఆ చట్టంలోనే ఉంది. “పరువు పోతుంది, మనలో మనం చూసుకుందాం” అనే పెద్దలకి కూడా ఈ ట్రైనింగ్ కావాలి.

ఇక మన జిల్లాలో ఎప్పుడూ వినబడే మాట: “ఎలాగూ హైదరాబాదో చెన్నైయో పోతాడు, వీడికి నేర్పి ఏం లాభం?” నిజమే, పోతారు. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి స్టేషన్లలో బ్యాగులతో నిలబడ్డ కుర్రాళ్ళని చూస్తూనే ఉన్నాం. తీరంలోని ఊళ్ళ నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకి వెళ్తారు. అయినా ఆ మాట ఒప్పుకోలేను. అపొస్తలుడు పౌలు శిష్యుడైన తిమోతిది లుస్త్ర అనే ఊరు. అక్కడి సహోదరులు అతని గురించి మంచి సాక్ష్యం ఇచ్చారని అపొస్తలుల కార్యములు 16లో ఉంది. ఆ తర్వాత పౌలు వెంట వెళ్ళిపోయాడు. చివరికి సంఘాన్ని కాస్తూ మనకి కనబడేది ఎఫెసులో. లుస్త్ర సంఘం పెంచిన కుర్రాడు వేరే ఊరి సంఘానికి కాపరిగా పనికొచ్చాడు.

కాబట్టి వెళ్ళేవాడికీ నేర్పుదాం. కాకపోతే టికెట్ బుక్ చేశాక హడావుడి పడకుండా, కనీసం రెండు నెలల ముందు నుంచే తర్వాతివాడు అతని పక్కన ఉండాలి. నోట్‌బుక్, చర్చి తాళం, రోగుల పేర్లు చేతులు మారాలి. వెళ్ళేవాడు దిగబోయే చోట తెలుగు సంఘం ఎక్కడుందో, అక్కడ ఏ అన్నకి ఫోన్ చెయ్యాలో అతను రైలెక్కక ముందే పాస్టర్ గారు కనుక్కుని చెప్పాలి.