రాణి పోయిన పెట్టెకి పసిపిల్లల వైద్యం

కొబ్బరి తోటలో పెట్టిన ఇటాలియన్ తేనెటీగల పెట్టెల్లో ఒకటి తేడాగా అనిపించింది. పుప్పొడి రావడం తగ్గింది, మూత తీస్తే ఒకటే రొద. తేనెపట్టు కట్టిన ఫ్రేమ్ ఎండకి ఎత్తిపట్టి చూస్తే సంగతి తెలిసిపోయింది. రాణి అయితే గదికొక గుడ్డు, అదీ సరిగ్గా అడుగున పెడుతుంది. ఇక్కడ ఒక్కో గదిలో మూడేసి, నాలుగేసి. కొన్ని గోడలకే అంటుకుని ఉన్నాయి. గదులకి అక్కడక్కడా వేసిన మూతలు శనగగింజల్లా ఉబ్బాయి. రాణి ఎప్పుడో పోయింది, పెట్టె పనంతా చేసే ఆడ ఈగలు, అంటే కూలి ఈగలే గుడ్లు పెట్టేస్తున్నాయి. అవి జతకట్టవు కాబట్టి ఆ గుడ్లలోంచి వచ్చేవి పోతుటీగలే. అవేమో తేనె తేవు, పుప్పొడి తేవు.

"కొత్త రాణిని కొని వదిలెయ్యనా బాబాయ్?" అని మా ఊళ్ళో చాలా ఏళ్ళుగా పెట్టెలు పెడుతున్న ఆయన్ని అడిగాను.

"డబ్బులు దండగరా. పొద్దున వదిలితే సాయంత్రానికి చంపేస్తాయి. ముందు పసిపిల్లల్ని ఇవ్వు."

పసిపిల్లలంటే గుడ్లలోంచి వచ్చిన పురుగులు. కూలి ఈగల్ని గుడ్లు పెట్టకుండా ఆపేదంతా రాణి వాసనే అనుకుంటాం. దాని దవడ గ్రంథుల రసాయనానికి బలం ఉన్నమాట నిజమే. కానీ కూలి ఈగల అండాశయాలు ఎదక్కుండా ఆపడంలో పిల్లల వంతు కూడా తక్కువేం కాదు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఈవ్ లె కాంట్, ఆయనతో పనిచేసినవాళ్ళు 1990 ప్రాంతంలో పిల్లల ఒంటిమీద ఎస్టర్లనే రసాయనాలు పది రకాలని గుర్తించారు. మరీ చిన్న పిల్లలు ఒసిమీన్ అనే ఆవిరి వదులుతాయని తర్వాత తేలింది. అది గాల్లో పెట్టెంతా పాకుతుంది. ఈ వాసనలు తగిలితే పిల్లల్ని సాకే దాది ఈగల తల గ్రంథుల్లో వాటికి పెట్టే పాలు ఊరతాయి, బయటికెళ్ళే ఈగలు పుప్పొడి ఎక్కువ మోస్తాయి. తల్లి గుడ్డు పెట్టి ముందుకెళ్ళిపోతుంది. పిల్లలు ఆకలి చెప్పుకునేది అక్కలైన కూలి ఈగలకే.

బలమైన పెట్టెలోంచి గుడ్లు, మూత పడని పిల్లలు నిండుగా ఉన్న ఫ్రేమ్ తీశాను. దానిమీద రాణి లేదని రూఢి చేసుకుని, ఈగల్ని దులిపి రాణి పోయిన పెట్టెలో పెట్టాను. అలా వారానికొకటి. మొదటి ఫ్రేమ్‌కి కొత్త రాణిని పెంచే రాణి గది కట్టనే లేదు. మేత మాత్రం పెట్టాయి, ప్రతి పిల్ల కిందా తెల్లటి పాలు మెరుస్తున్నాయి. రెండోదానికి గోడల మీద గుడ్లు తగ్గాయి. మూడోదాని అంచున రాణి గదులు వేలాడాయి.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. గుడ్డు నుంచి రాణి బయటికి రావడానికి 16 రోజులు. ఆ తర్వాత వారం అటూ ఇటూగా అది జతకట్టడానికి ఎగరాలి. తోట పక్క కరెంటు తీగల మీదేమో ఈగల్ని పట్టి తినే పచ్చపిట్టలు బారులు తీరి ఉన్నాయి. పెట్టె తెరవాలని చేతులు లాగుతున్నా ముట్టుకోలేదు.

చివరికి తెరిస్తే గదికొక గుడ్డు, అడుగున నిటారుగా. ఫ్రేములిచ్చిన పెట్టె మాత్రం బాగా నీరసపడింది. ఆ సీజన్‌లో దాని తేనె తీయకుండా ఈగలకే వదిలేశాను.